వైద్యం సగంలో ఉండగా బీమా మారింది

నాకు లింఫోమా, అంటే లింఫు గ్రంథుల కాన్సర్, అని తేలిన వారంలోనే సుబ్బలక్ష్మి గారు మా ఇంటికొచ్చారు. మా స్నేహితురాలు పద్మజకి అత్తగారు, గుంటూరు నుంచి కొడుకు దగ్గర కొన్నాళ్ళుందామని వచ్చిన మనిషి. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. నా చెయ్యి పట్టుకుని, ఏ జన్మలో ఏం చేసుకున్నామో అమ్మాయ్, అనుభవించక తప్పదు అన్నారు. ఆవిడ మనసు మంచిది. తెచ్చిన పప్పుచారు ఇంకా మంచిది. అయినా నేను ఊరుకోలేదు. నేరం ఏమిటో చెప్పకుండా శిక్ష వేసే కోర్టు భూమ్మీద ఎక్కడైనా ఉందా పిన్నిగారూ అని అడిగాను. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. వాదన తర్వాత, ముందు వేడిగా ఉండగా తిను అన్నారు.

ఇది జరిగిన కొన్ని వారాలకి బీమా కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి అంతే మెత్తగా, ఇది మీ ప్లాను, మీ ఎంపికే కదండీ అంది. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే రెండూ ఒకే సిద్ధాంతం అనిపించింది. అక్కడ కర్మ, ఇక్కడ ఎంపిక. రెండింటిలోనూ బాధపడే మనిషే బాధ్యుడు. రెండింటిలోనూ ఏర్పాటు చేసినవాడు ఎక్కడా కనిపించడు.

ఇప్పుడు నా వైద్యం అయిపోయింది. జుట్టు మళ్ళీ వస్తోంది, ఈసారి ఉంగరాలు తిరిగి. ఆ జబ్బు నాకెందుకొచ్చిందో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడంలో సిగ్గేమీ లేదు. కానీ పోయిన ఏడాది నేను పడ్డ భయంలో పెద్ద భాగం జబ్బు పెట్టింది కాదు, మనుషులు పెట్టింది. మనుషులు పెట్టినదాన్ని మనుషులు తీసెయ్యగలరు. ఇది రాయడం అందుకే. నా గుండె చిక్కబట్టుకోవడానికి కూడా.

మేముండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో. నా భర్త రఘుది హన్మకొండ, నాది చీరాల. రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి, బయట టీ తాగి పెళ్ళయిందనిపించుకున్నవాళ్ళం. రఘు చాలాకాలం ఒక కంపెనీలో పనిచేశాడు. లేఆఫ్ అయ్యాక సొంతంగా కాంట్రాక్టులు చూసుకుంటున్నాడు. నేను ఇంట్లో చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెబుతాను. అంటే మా ఇద్దరికీ కంపెనీ బీమా లేదు. అలాంటివాళ్ళు ఇక్కడ ప్రభుత్వం నడిపే మార్కెట్‌ప్లేస్ అనే వెబ్‌సైటులో ప్లాన్ కొనుక్కోవాలి. ఏటా ధర మారుతుంది. ఏ డాక్టర్లకి వర్తిస్తుందో అదీ మారుతుంది. మన చుట్టూ ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు, ఉద్యోగంతోపాటు బీమా దానంతటదే వస్తుంది గనక. ఉద్యోగం పోయిన రోజున తెలుస్తుంది.

ఆగస్టులో ఒకరోజు కారులో సీటుబెల్టు మెడ పక్కన ఒరుసుకుంటుంటే చెయ్యి పెట్టి చూశాను. చింతగింజంత గడ్డ. నొప్పి లేదు. జలుబు చేసినప్పుడు వచ్చే వాపేమో అనుకున్నాను. బడులు తెరిచే సమయం, పిల్లలు కొత్తగా చేరుతున్నారు, ఆ హడావిడిలో పడిపోయాను. సెప్టెంబరుకి ఒకటి కాస్తా మూడయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం. తలగడ తడిసేంత చెమట.

కాన్సర్ ఆసుపత్రి వెయిటింగ్ రూముకి మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఎక్కడ కూర్చున్నా ఆ గుంపులో నేనూ ఒకదాన్నని ఒప్పుకున్నట్టే కదా. ఒక నల్లజాతి ముసలాయన నన్ను చూసి, పక్క కుర్చీలో ఉన్న తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక్కడ కూర్చోమ్మా, ఆ వరస మీద ఏసీ గాలి నేరుగా కొడుతుంది, కొత్తవాళ్ళందరూ అక్కడే కూర్చుని వణుకుతారు అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత నేనూ కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ మాటే చెబుతూ వచ్చాను. ధైర్యం చెప్పడం కంటే అది ఎక్కువ పనికొచ్చే మాట.

మా డాక్టరు పొడుగ్గా ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను అడిగిన మొదటి ప్రశ్నకే, నాకు తెలియదు, ఎలా తెలుసుకుంటామో మాత్రం చెబుతాను అంది. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే. బాబాల దగ్గరా స్వాముల దగ్గరా నాకు దొరకనిది ఆ ఒక్క వాక్యమే. మందు రెండు వారాలకొకసారి ఎక్కించాలి, మార్చి దాకా పడుతుంది, మధ్యలో ఎక్కువ ఎడం ఇవ్వకూడదు అని చెప్పింది. ఆ చివరి మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. నేనెందుకు మానేస్తాను అనుకున్నాను.

అక్టోబరులో మందు మొదలైంది. మొదటిసారి మందెక్కించుకుని వచ్చాక రెండు రోజులు నోట్లో ఇనుప రుచి. మంచినీళ్ళు కూడా మేకు నాకినట్టు ఉండేవి. మూడో రోజు లేచి కూర్చుని పోస్టు చూస్తుంటే తెలిసింది. మా బీమా కంపెనీ ఏడాది చివరికి మా కౌంటీలో, అంటే ఇక్కడి జిల్లాలో, మార్కెట్‌ప్లేస్ నుంచి తప్పుకుంటోందట. లాభం లేదట. ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలట.

రఘు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. మేం ఏమీ చెయ్యకముందే వెబ్‌సైటు మమ్మల్ని ఇంకో కంపెనీ ప్లాన్‌లో వేసి పెట్టింది. దాని ప్రీమియం మా ఇంటి లోన్ వాయిదాతో పోటీ పడుతోంది. ఇన్నేళ్ళూ ప్రభుత్వం ఇచ్చిన అదనపు సాయం గడువు ఈ ఏడాదితో ముగుస్తోంది, మా ఆదాయం ఏదో గీతకి కాస్త పైన ఉందట, కాబట్టి ఇక మాకు సాయం సున్నా. సరే, అప్పో సప్పో చేసి కడతాం అనుకున్నా, ఆ ప్లాన్ మా ఆసుపత్రికి వర్తించదు. ఇంకో కంపెనీ ప్లాన్లు చూశాం. అవీ వర్తించవు. అంతకుముందు నాలుగైదు కంపెనీలుండేవి, ఇప్పుడు రెండే మిగిలాయి. పేజీ పైన మాత్రం రంగు అక్షరాల్లో, మీకు నచ్చింది ఎంచుకోండి అని రాసుంది.

"ఇండ్ల ఎంచుకునేది ఏముంది వసూ," అన్నాడు రఘు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగినట్టే.

నవంబరులో పద్మజ, వాళ్ళాయన సురేష్ వచ్చారు. సురేష్ చిన్న కన్సల్టెన్సీ నడుపుతాడు. మాస్టర్స్ చదివి వచ్చిన పిల్లల్ని తన పేరోల్ మీద పెట్టుకుని, పెద్ద కంపెనీల ప్రాజెక్టులకి పంపిస్తుంటాడు. పది మందికి ఉపకారం చెయ్యాలనే తాపత్రయం ఉన్నవాడు. ఆ రోజు చాలా ఉత్సాహంగా ఉన్నాడు. సమస్యకి పరిష్కారం జేబులో పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, దీంట్లో ఆలోచించేదేముంది. జనవరి నుంచి నిన్ను మా పేరోల్ మీద పెడతా. టెస్టింగ్ అని రాస్తాం. గ్రూప్ ఇన్సూరెన్స్ వచ్చేస్తుంది, దాంట్లో మీ ఆసుపత్రి ఉంది, నేను చెక్ చేశా. జీతం వేస్తాను, మీరు నాకు వెనక్కిచ్చెయ్యండి. అయిపోయింది."

"నేను చెయ్యాల్సిన పనేంటి సురేష్?"

"పనేంటక్కా. రెస్ట్ తీసుకో."

రఘు ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. నెల రోజులుగా నేను చూడని ముఖం అది. నేను కాదన్నాను.

చెయ్యని ఉద్యోగాన్ని చేసినట్టు, లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించడం మనవాళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, దాన్ని అబద్ధం అనడమే అమర్యాద అయిపోయింది. సురేష్ నొచ్చుకున్నాడు. పద్మజ ఇంకా నొచ్చుకుంది. సాయం చేస్తామని వస్తే మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశావక్కా అని, తెచ్చిన గిన్నెలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక రఘుకీ నాకూ జరిగినంత పోట్లాట మా పెళ్ళయ్యాక జరగలేదు. అతని వాదాన్ని తక్కువ చేసి రాయను, అది బలమైన వాదం. బీమా కంపెనీ మనతో ఏ నీతి పాటించింది? లాభం లేదని ఒక కాగితం ముక్క పంపి వెళ్ళిపోయింది. నీతి లేని ఏర్పాటులో చిక్కుకున్నవాడు నీతిగా ఉండి చచ్చిపోవాలా? అబద్ధం వల్ల ఎవరికి నష్టం, ఒక కంపెనీకేగా? ఇదీ అతనన్నది. ఆఖర్న ఒక మాట అన్నాడు.

"నీ సిద్ధాంతం నీ పానం కన్నా ఎక్కువనా?"

కాదు అన్నాను. నా ప్రాణం కోసమే వద్దంటున్నాను అన్నాను. అంత పెద్ద బిల్లు వచ్చాక కంపెనీ వాళ్ళు ఈవిడ ఏం పని చేస్తోందని అడగరా? అబద్ధమని తేలిన రోజున బీమా వెనక తేదీ నుంచి రద్దు చేస్తారు, అప్పుడు నా వైద్యం ఎక్కడుంటుంది? ఇంకోటి. ఆ గ్రూప్‌లో సురేష్ దగ్గర పనిచేసే పిల్లలున్నారు. వాళ్ళ వీసా, వాళ్ళ బీమా, అన్నీ ఆ ఒక్క కంపెనీకి వేలాడుతున్నాయి. నా కోసం ఆ కొయ్యని నేను ఊపను. రఘు తాళాలు తీసుకున్నాడు. వెళ్ళి కారులో కూర్చున్నాడు. స్టార్ట్ చెయ్యలేదు, ఎక్కడికీ పోలేదు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. తను చెప్పింది తప్పని నేను నిరూపించాను. కానీ అతని భయాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

వేరే దారి లేక, వెబ్‌సైటు వేసి పెట్టిన ప్లానే తీసుకున్నాం. డిసెంబరులో ఆ కొత్త కంపెనీకి అర్జీ పెట్టాను. వైద్యం మధ్యలో ఉన్నాను, మార్చి దాకా ఇదే డాక్టరు దగ్గర కొనసాగనివ్వండి అని. నేను పదేళ్ళుగా పత్రికలకి వ్యాసాలు రాస్తున్న మనిషిని. ఆ ధాటితోనే రాశాను. మీ సంస్థ మనిషిని సరుకుగా చూస్తోందన్నాను. నాగరికత అన్నాను, సిగ్గు అన్నాను. రాసి, చదువుకుని, సంతృప్తిపడి పంపించాను.

జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. వైద్యం కొనసాగింపు అనే నియమం మా నెట్‌వర్క్‌లోంచి, అంటే మాతో ఒప్పందం ఉన్నవాళ్ళ జాబితాలోంచి, డాక్టరు వెళ్ళిపోయినప్పుడే వర్తిస్తుంది, వేరే కంపెనీ నుంచి మీరొస్తే కాదు. మా నెట్‌వర్క్‌లో మీకు తగిన నిపుణులు ఉన్నారు.

రఘు ఆ జవాబు చదివాడు, తర్వాత నా అర్జీ చదివాడు. చాలా రోజుల తర్వాత అతని మూతి కాస్త వంకర తిరిగింది. "చీరాల సభల మాట్లాడినట్టు రాసినవ్. చప్పట్లు కొట్టెటోళ్ళు అక్కడెవ్వరు లేరు వసూ."

జనవరి మొదటి వారంలో మందు ఎక్కించుకోవాల్సిన రోజుకి ముందు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అపాయింట్‌మెంట్లు చూసే అమ్మాయి. మీ కొత్త బీమా ఇక్కడ చెల్లడం లేదు, మిమ్మల్ని ఆ రోజు నుంచి తీసెయ్యమన్నారు అంది. మూడుసార్లు సారీ చెప్పింది ఆ పిల్ల. నేనే ఆ అమ్మాయిని ఓదార్చాల్సి వచ్చింది. డాక్టరు స్వయంగా మాట్లాడి, కొద్ది రోజులు ఆలస్యమైతే ఫర్వాలేదు, వారాలు గడిస్తే మాత్రం ఇప్పటిదాకా చేసింది వృథా కావచ్చు అంది. మెడ దగ్గర గడ్డలు అప్పటికి దాదాపు కరిగిపోయాయి. ఆ రోజంతా వాటిని తడుముకుంటూనే ఉన్నాను, తిరిగొస్తున్నాయా అని.

రఘు చేసిన ఎత్తిపొడుపు మాత్రం మనసులో నాటుకుంది. చీరాల సభ అన్నాడే గానీ, ఆ సభలో నేర్పింది నేను చేసినది కాదు. మా ఊరి రీడింగ్ రూములో ఆదివారం ఆదివారం చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, కులం పోతుందా, ఆడపిల్లకి ఆస్తి ఇవ్వాలా. నడిపించేది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనది ఒకటే నియమం. ఎదుటివాడి వాదాన్ని నువ్వు నీ నోటితో చెప్పాలి. అవును, నేనన్నది అదే అని అతను తలూపాలి. అప్పుడే ఖండించే హక్కు నీకొస్తుంది. పూర్వపక్షం చెప్పలేనివాడికి సిద్ధాంతం లేదనేవారు. చాలామంది ఆ తలూపు దగ్గరే ఓడిపోయేవాళ్ళు.

నేను బీమా కంపెనీ వాదాన్ని ఒక్కసారైనా సరిగ్గా చెప్పానా? లేదు. వాళ్ళ వాదం నాగరికత గురించి కాదు. మా దగ్గర డాక్టర్లున్నారు కాబట్టి బయట డాక్టరు అవసరం లేదు. అంతే. మూర్ఖపు వాదం కాదది. నిజమైతే న్యాయమైన వాదం కూడా. నిజమా కాదా అన్నదే ప్రశ్న. దానికి ఉపన్యాసం అక్కర్లేదు, టెలిఫోన్ చాలు.

కంపెనీ వెబ్‌సైటులో నాకు తగిన నిపుణులని చూపించిన పేర్లు కొన్ని పేజీలున్నాయి. మొదలుపెట్టాను. ఒక్కో ఫోనుకీ ముందు సంగీతం, తర్వాత మనిషి, ఆ మనిషి ఇంకొకరికి కలపడం, మళ్ళీ సంగీతం. మందు వల్ల నాకు గొంతు పూసిపోయి ఉంది. నాలుగు ఫోన్లకి మాట పోయింది.

ఆ సమయంలో పద్మజ వచ్చింది, నవంబరు తర్వాత మొదటిసారి. గిన్నెల కోసం వచ్చానంది. నేను మాట రాక కాగితం మీద రాసి చూపిస్తుంటే, కాసేపు చదివి, నా చేతిలో పెన్ను లాగేసుకుంది. ఒక సంగతి చెప్పాలి. పద్మజా, ఇంకొందరు ఆడవాళ్ళూ ప్రతి శుక్రవారం సాయంత్రం కాన్ఫరెన్స్ కాల్‌లో కలిసి లలితా సహస్రనామ పారాయణం చేస్తారు. ఎవరింట్లో వాళ్ళుండి, నామాలు భాగాలు పంచుకుని, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. ఇన్నేళ్ళలో నన్ను చాలాసార్లు పిలిచారు. చాలాసార్లు నేను వెటకారం చేశాను.

"ఇదంతా నువ్వొక్కదానివే ఎందుకు చదువుతున్నావక్కా," అంది పద్మజ. "మేం వెయ్యి నామాలు పంచుకుంటున్నాం. ఈ నాలుగు పేజీలు పంచుకోలేమా?"

మర్నాడే పంపకం అయింది. నేను పెట్టిన షరతు ఒకటే, అబద్ధం వద్దు. పేషెంటు తనేనని చెప్పుకుంటే పని త్వరగా అవుతుందని ఒకావిడ అంది. వద్దన్నాను. స్నేహితురాలి కోసం అడుగుతున్నామని చెప్పండి. ఈ ప్లాన్ తీసుకుంటారా, లింఫోమాకి కొత్త పేషెంట్లని చూస్తారా, చూస్తే ఎప్పుడు, ఈ మూడే అడగండి. ఎవరు చెప్పారో పేరు రాయండి. ఏం చెప్పారో వాళ్ళ మాటల్లోనే రాయండి.

సుబ్బలక్ష్మి పిన్నిగారికి ఇంగ్లీషు రాదు. నాకూ ఒక పని చెప్పండని పట్టుబట్టారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆవిడ ముందు ఉంచాం. సంగీతం వింటూ కూర్చోవడం ఆవిడ డ్యూటీ. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ వినేవారు. మధ్యలో వంటింట్లోకి కేక వినపడేది, అమ్మాయ్, పాట ఆగింది, మనిషొచ్చింది, రా అని. మూడో రోజుకి ఏ ఆసుపత్రి పాట ఏదో చెప్పగలిగే స్థితికొచ్చారు. వీళ్ళ పాట బాగుంటుంది గానీ మనిషి రాదు అనేవారు ఒక ఆసుపత్రిని.

నాకు కాస్త మాట వచ్చాక, ఉండబట్టలేక అడిగాను. "అంతా కర్మ అయితే ఈ ఫోన్లెందుకు పిన్నిగారూ?"

"కర్మ కర్మే, ఫోన్ ఫోనే," అన్నారావిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ. "అన్నం దేవుడిచ్చాడని వండకుండా కూర్చుంటామా?"

మాస్టారుంటే తలూపేవారు.

వారం తిరిగేలోగా చిత్రం తేలింది. పేర్లలో కొందరు రిటైరయ్యారు. ఒకావిడ వేరే రాష్ట్రం వెళ్ళి చాలాకాలమైంది. ఒకాయన పిల్లల డాక్టరు. ఒకే డాక్టరు పేరు వేర్వేరు చిరునామాలతో పలుచోట్ల ఉంది. మిగిలినవాళ్ళలో చాలామంది ఆ ప్లాన్ తీసుకోవడం లేదన్నారు, ఆ జాబితాలో తమ పేరుందని విని వాళ్ళే ఆశ్చర్యపోయారు. తీసుకునే ఇద్దరు ముగ్గురికీ వేసవి దాకా ఖాళీ లేదు. నా వైద్యం వసంతానికే అయిపోవాలి.

ఈసారి అర్జీలో ఒక్క విశేషణం లేదు. మొదటి పేరాలో వాళ్ళ వాదం రాశాను, నేనే వాళ్ళ వకీలునన్నట్టు. తర్వాత ఒక్కో పేరుకీ ఎదురుగా ఎవరు ఏం చెప్పారో. డాక్టరు తన ఉత్తరం జతచేసింది. ఒక ప్రతి రాష్ట్ర బీమా శాఖకి పంపాం. ఆ పైన ఫోన్ చేసి, పై అధికారి ఎవరున్నారని పట్టుబట్టి, ఒకాయన దాకా వెళ్ళాను. పక్కన రఘు కూర్చున్నాడు. నాకు ఆ సంభాషణ ఇంకా మాట మాటగా గుర్తుంది.

"మీ నెట్‌వర్క్‌లో నన్ను చూడగల డాక్టర్లున్నారు, కాబట్టి బయట డాక్టరు అక్కర్లేదు. మీ వాదం ఇదే కదా, నేను సరిగ్గా చెప్పానా?" అని అడిగాను.

"సరిగ్గా చెప్పారు మేడమ్," అన్నాడాయన.

"అయితే నాకు మీతో తగువే లేదు. ఈ నెలలో నన్ను చూసే ఒక్క డాక్టరు పేరు చెప్పండి. రేపే వెళ్తాను."

కీబోర్డు టకటకలు వినిపించాయి. ఒక పేరు చెప్పాడు. ఆయన రిటైరయ్యారండీ అన్నాను. ఇంకో పేరు చెప్పాడు. ఆవిడ రాష్ట్రం వదిలి వెళ్ళారు, వాళ్ళ ఆఫీసులో ఫలానా ఆమె చెప్పింది అన్నాను. మూడో పేరుకి, పిల్లల డాక్టరు, నాకు యాభై నాలుగేళ్ళు అన్నాను. ఆయన టైపు చెయ్యడం ఆపేశాడు. గొంతు మార్చి, మీరు పంపింది నేనే చదువుతాను, మళ్ళీ ఫోన్ చేస్తాను అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన ముందున్న తెర కూడా నా ముందున్న తెర లాగే అబద్ధం చెబుతోంది.

రెండు రోజుల తర్వాత ఫోనొచ్చింది, ఆయన నుంచి కాదు, ఆసుపత్రి అమ్మాయి నుంచి. అనుమతి వచ్చింది, ఎల్లుండి వచ్చెయ్యండి, మీ కిటికీ పక్క కుర్చీ పట్టి పెట్టాను అంది. రఘు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పబోయి చెప్పలేక మళ్ళీ నాకే ఇచ్చాడు. మందెక్కించే రోజున నాకు సూది గుచ్చుతున్నప్పుడు, పక్కన కూర్చుని, పేరోల్ సంగతిల నువ్వన్నదే కరెక్టు అన్నాడు. నేను మాత్రం, నీ భయమూ కరెక్టే అన్నాను. ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మాస్టారు మాకు నేర్పలేదు.

మందు మార్చి దాటి ఏప్రిల్ మొదట్లో పూర్తయింది. తర్వాత తీసిన స్కాన్‌లో ఏమీ కనబడలేదు. సురేష్ ఇంటికొచ్చి, నిన్ను పేరోల్ మీద పెట్టకపోవడమే మంచిదైందక్కా, నెల తిరక్కుండా నా ఆఫీసులో యూనియన్ పెట్టేదానివి అన్నాడు. పద్మజ ఇది అమ్మవారి దయ అంటుంది. నేను ఫోన్ల ఫలితం అంటాను. ఫోన్లు చేసే బుద్ధి పుట్టించిందెవరు అంటుంది. నీ బుద్ధి నీదే, ఆవిడకెందుకు ఇచ్చేస్తావు అంటాను. ఇద్దరం ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

ఇది గెలుపు కథ అనుకోకండి. వెబ్‌సైటులో పేరు కనబడగానే నమ్మకండి, ఆ డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. ఎవరు చెప్పారో రాసుకోండి. పాత ప్లానే కదా, దానంతటదే రెన్యూ అవుతుందిలే అని వదిలెయ్యకండి. మొదటిసారి కాదంటే అది జవాబు కాదు, మొదలు. ఇవన్నీ నిజమే. కానీ నాకు ఇంగ్లీషు వచ్చు, ఇంట్లో కూర్చునే పని, ఫోన్లు చెయ్యడానికి అంతమంది ఆడవాళ్ళున్నారు. రెండు షిఫ్టులు చేసే మనిషికి ఇవన్నీ ఎక్కడివి? ఒక వీధి ఆడవాళ్ళంతా వంతులేసుకుంటే గానీ దొరకనిది హక్కు కాదు, అదృష్టం. అదృష్టం మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. డాక్టర్లు లేని జాబితాని డాక్టర్లున్న జాబితాగా అమ్మడం ఆపాలి. జబ్బు మధ్యలో ఉన్న మనిషిని, కంపెనీ మారినా, వైద్యం పూర్తయ్యేదాకా కదపకూడదు. ఇవి కోరడానికి విప్లవం అక్కర్లేదు, ఇంగితం చాలు.

నాకిచ్చిన అనుమతి ఆ వైద్యానికే. దానితోనే ముగిసింది. ఇప్పుడు మళ్ళీ అక్టోబరు. ప్రీమియం మళ్ళీ పెరిగింది. శీతాకాలంలో నేను చేయించుకోవాల్సిన స్కాన్ ఏ ప్లాన్‌లో మా ఆసుపత్రికి వర్తిస్తుందో ఇంకా తేలలేదు. ఈలోగా పారాయణం చేసేవాళ్ళలో ఇద్దరి ఇళ్ళలో ఉద్యోగాలు పోయాయి. ఒకావిడకి షుగరు, ఇంకొకావిడ కొడుక్కి మూర్ఛలు. ఇన్నాళ్ళూ ఇది నా సమస్య. ఇప్పుడు వాళ్ళదీ. బీమా శాఖ వాళ్ళు జనం మాట వినడానికి పెడుతున్న సమావేశంలో మాట్లాడటానికి మా అందరి పేర్లూ ఇచ్చాం. ఎవరు ఏ భాగం మాట్లాడాలో పంచుకుంటున్నాం.

ఆ పని శుక్రవారం సాయంత్రం కాల్‌లోనే జరుగుతోంది. స్తోత్రం అయ్యేదాకా నేను ఆ కాల్‌లోకి రాను. అయిపోగానే పద్మజ నాకు మెసేజ్ పెడుతుంది. అప్పుడొచ్చి, బీమా కంపెనీ వాదం ఏమిటో ముందు మీలో ఒకరు చెప్పండి అని మొదలుపెడతాను.